సైనికపాలనావిముక్తియు విదేశసాహాయ్యమును: చిలీదేశనిదర్శనము

ఒక దేశము సైనికపాలననుండి ప్రజాపాలనకు మఱలుటలో విదేశసాహాయ్యము కర్తయా, కరణమా యను ప్రశ్నము విమర్శింపఁదగినది. వైయాకరణుల మతమునఁ గర్త స్వతంత్రుఁడు. కరణము క్రియాసిద్ధికి మిగుల నుపకరించునదియే యైనను గర్తృవ్యాపారము లేనిదే ప్రవర్తింపనేరదు. గొడ్డలి చెట్టును నఱకుట నఱకువాని చేతిబలిమిచేతనే గదా! దక్షిణ అమెరికాయందలి చిలీదేశచరిత్రము ఈ భేదమును స్పష్టపఱచును.

1973 సెప్టెంబరు 11వ తేదిని సైన్యాధిపతులు, ప్రజలెన్నుకొనిన అధ్యక్షుఁడగు సాల్వదోర్ అయెందే ప్రభుత్వమును గూలఁద్రోసిరి. జనరల్ పినోచే సర్వాధికారి యయ్యెను. అంతకుముందు అయెందేకుఁ బ్రతికూలముగా రహస్యధనము వెచ్చించినది అమెరికా సంయుక్తరాష్ట్రములే. కావున విదేశహస్తము సర్వదా శుభంకరమని తలఁపరాదు. ఆ రాష్ట్రములే 1976లోఁ జిలీకి ఆయుధవిక్రయమును నిషేధించెను. ఐనను బినోచే యధికారము పండ్రెండేండ్లవఱకును జలింపలేదు. కేవలబాహ్యనిర్బంధము చాలదని దీనిచే స్పష్టము.

మఱి యుపకరించిన దేది? 1976లోఁ గార్డినల్ సిల్వా హెన్రీకెజ్ సాంతియాగోనగరమున 'వికారియా దె లా సోలిదారిదాద్' అను ధర్మసంస్థను నెలకొల్పెను. నిర్బంధితులకును, అదృశ్యులైనవారి కుటుంబములకును న్యాయవాదుల నమర్చి, యా సంస్థ ప్రతివృత్తాంతమును లిఖితరూపమున భద్రపఱచెను. విదేశ క్రైస్తవసంఘముల ద్రవ్యము దానికి ఊఁత యయ్యెను; ప్రాణాపాయమున కొడిగట్టినవారు మాత్రము చిలీవారే.

1980 నాఁటి రాజ్యాంగము ననుసరించి, పినోచే మఱి యెనిమిదేండ్లు పాలింపవచ్చునా యని ప్రజల నడుగుట 1988లో విధి యయ్యెను. పరస్పరవైరముగల పక్షములు పలువు 'వలదు' అను నొక్కమాటపై నేకమయ్యెను. అమెరికా శాసనసభ చిలీ ప్రజాస్వామ్యసాహాయ్యమునకుఁ బది లక్షల డాలర్లు కేటాయించెను. వోటరుల నమోదునకును, వోట్లను వేఱుగా లెక్కించుటకును విదేశసాహాయ్యము తోడ్పడెను. డెబ్బది నాలుగు లక్షలకుఁ బైగా జనులు తమ పేళ్లను నమోదుచేయించుకొనిరి.

అక్టోబరు 5వ తేది రాత్రి ప్రభుత్వము ఫలితములను వెల్లడించుటలో జాగుచేసెను. ప్రతిపక్షముకడ స్వీయగణన సిద్ధముగా నుండుటచే సత్యము మఱుఁగుపడలేదు. వైమానికదళాధిపతి మత్తేయి 'వలదు' పక్షము గెలిచినదని పత్రికలవారియెదుట నంగీకరించెను. పినోచే యసాధారణాధికారముల నడుగఁగా సహసైన్యాధిపతులు నిరాకరించిరి. చెల్లిన వోట్లలో నూటికి సుమారు 56 'వలదు' అనెను. 1990 మార్చి 11వ తేదిని బత్రీసియో ఐల్విన్ అధ్యక్షపదవి నధిష్ఠించెను. వికారియా భద్రపఱచిన పత్రములు తరువాతి సత్యవిచారణసంఘమునకు ఆధారములయ్యెను. ఐనను బినోచే 1998 వఱకు సేనాధిపతిగానే యుండెను. అట్టి శేషమును దొలఁగించుట విదేశధనమునకు సాధ్యము కాలేదు.

దీనివలనఁ దేలునది యిది: నాయకుని నెన్నుకొని యిచ్చు సాహాయ్యము హానికరము, సత్యమును వ్రాసియుంచుటకును, వోట్లను లెక్కించుటకును దేశీయులకు సాధనము లిచ్చు సాహాయ్యము ఫలవంతము. కర్తృత్వము మాత్రము భయమును విడిచి వోటువేసిన జనులది.