ఆకులోని కొవ్వు చలికి ఎందుకు గడ్డకట్టదు?



డిసెంబరు వస్తే మన బెంగళూరు ఇళ్లలో కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టాల్సిందే. పక్కనున్న వేరుశనగ నూనె మాత్రం మామూలుగానే ఉంటుంది. మొన్న పీయూసీ చదివే మా మేనకోడలు ఆ సీసాను చూసి అడిగింది: "మామయ్యా, ఆకుల్లో కూడా కొవ్వు ఉంటుందట కదా, మరి అది ఎందుకు గడ్డకట్టదు?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చదివితే దాని వెనక పెద్ద చరిత్రే ఉందని తెలిసింది.

కొవ్వు ఆమ్లం అంటే కార్బన్ల గొలుసు. కొబ్బరినూనెలో గొలుసులు చాలావరకు నిటారుగా ఉంటాయి, మోపులో కట్టెల్లా దగ్గరగా సర్దుకుంటాయి, అందుకే త్వరగా గడ్డకడుతుంది. గొలుసులో ద్విబంధం పడితే అక్కడ ఒక వంపు వస్తుంది. వంకర కట్టెలు మోపులో ఇమడవు కదా! కాయలోని నూనె చెట్టు దాచుకున్న నిల్వ సరుకు. ఆకుల సంగతి వేరు. ఎండను పట్టే హరితరేణువు లోపలి పొరల్లో మూడు వంపులున్న లినోలెనిక్ ఆమ్లమే ఎక్కువ.

ఈ వంపులు పుట్టుకతో రావు. గొలుసు మొదట నిటారుగానే తయారవుతుంది. డీశాచురేజ్ అనే ఎంజైములు హైడ్రోజన్లను తీసేసి ఒక్కో వంపు పెడతాయి. మొదటి వంపు పెట్టే ఎంజైము హరితరేణువు లోపలి ద్రవంలో తిరుగుతుంది. తర్వాతివి పొరల్లోనే కూర్చుని పనిచేస్తాయి. మొదటి రకం ఎంజైము రూపం 1996లో స్పష్టంగా బయటపడింది. అందుకు వాడింది మనకు బాగా తెలిసిన ఆముదం గింజల ఎంజైమునే. దాని నడుమ రెండు ఇనుప పరమాణువులు కనిపించాయి.

ఏ ఎంజైము ఏ పని చేస్తుందో ఎలా తేలింది? 1980లలో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో క్రిస్ సోమర్‌విల్, న్యూజిలాండ్ నుంచి వచ్చిన జాన్ బ్రౌజ్ ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్కను తీసుకున్నారు. రసాయనంతో విత్తనాల జన్యువులను దెబ్బతీసి, మొలిచిన మొక్కల్లో ఒక్కోదాని ఆకు తెంపి, అందులోని కొవ్వు ఆమ్లాలను కొలుస్తూ పోయారు. చూపుకు మొక్కలన్నీ ఒకేలా ఉన్నాయి. తేడా కొలతలోనే దొరికేది. హరితరేణువుకే ప్రత్యేకమైన ఒక కొవ్వు ఆమ్లం లేని మొక్క గురించి 1985లో ప్రకటించారు. మరుసటి ఏడాది మూడో వంపు తగ్గిన మొక్క వచ్చింది. విచిత్రమేమిటంటే, వెచ్చదనంలో దాని లోపం బాగా కనిపించేది, చల్లదనంలో తగ్గిపోయేది. చలిలో పనికి దిగే మరో ఎంజైము ఉందని తర్వాత తెలిసింది.

ఇక జపాన్. 1992లో నోరియో మురాటా బృందం పొగాకు మొక్కలు కొన్నిటిలో గుమ్మడి జన్యువును, కొన్నిటిలో అరబిడాప్సిస్ జన్యువును పెట్టింది. ఇది వంపు పెట్టే ఎంజైము కాదు, హరితరేణువు కొవ్వులోకి ఏ గొలుసు చేరాలో ఎంచుకునే ఎంజైము. గుమ్మడి చలికి తాళలేని మొక్క, దాని ఎంజైము నిటారు గొలుసులను కూడా లోపలికి రానిస్తుంది. ఆ జన్యువు పడిన పొగాకు చలికి మరింత దెబ్బతింది. అరబిడాప్సిస్ జన్యువు పడినది చలిని మెరుగ్గా తట్టుకుంది. ఒక్క ఎంజైము ఎంపిక మొక్క చలిని ఓర్చుకోగలదా లేదా అన్నదాన్నే మార్చేసింది!

అయితే వంపులు ఎంత ఎక్కువైతే అంత మంచిదా? కాదు. 2000లో జపాన్‌లోనే కో ఇబా బృందం పొగాకులో మూడో వంపు పెట్టే హరితరేణువు ఎంజైమును అణచివేస్తే, ఆ మొక్కలు ఎక్కువ వేడిని తట్టుకున్నాయి. చలికి పనికొచ్చేది ఎండకు భారమైందన్నమాట.

నాకు బాగా పట్టేసిన సంగతి 1996 నాటిది. మూడో వంపు పెట్టే జన్యువులు మూడూ పోయిన అరబిడాప్సిస్‌ను మిషెల్ మెకాన్, బ్రౌజ్ పెంచారు. అది ఆకులు వేసింది, పూలు పూసింది, కానీ గింజ కట్టలేదు. మూడు వంపుల ఆమ్లం నుంచే జాస్మోనేట్ అనే సంకేత పదార్థం పుడుతుంది. అది లేక పుప్పొడి పనికిరాకుండా పోయింది. బయటి నుంచి జాస్మోనేట్ అందిస్తే గింజలు కట్టాయి. పురుగు లార్వాలు పడితే కూడా ఆ మొక్కలు తట్టుకోలేక చచ్చిపోయాయని 1997లో తేలింది. అంటే పొరను జారుడుగా ఉంచే సరుకే అవసరమొస్తే మొక్కకు కబురు మోసే సరుకు కూడా. కుండీలో నీడపట్టున పెంచినంతకాలం ఆ లోటు బయటపడదు. పురుగు పట్టినప్పుడు, గింజ కట్టాల్సినప్పుడు తెలుస్తుంది.

మా మేనకోడలికి ఇదంతా చెప్పాను. కాసేపు ఆలోచించి అంది: "అయితే మామయ్యా, చూడ్డానికి బాగానే ఉందని ఏ మొక్కనూ వదిలేయకూడదన్నమాట." ఆ కొలతలన్నీ నేర్పిన పాఠం అదే. మీ ఇళ్లలో పీయూసీ పిల్లలుంటే ఈ చలికాలం కొబ్బరినూనె సీసా చేతికిచ్చి, ఇదే ప్రశ్న అడిగి చూడండి.