లేసు అంచు బల్లగుడ్డలకు తుదిమెరుగు

నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పేరును అధీకృత వినియోగదారులే వాడవలెను. కావున కనకాలపేటలో అల్లినదానిని మన ఊరి పేరుతోనే హస్తకళల సంతలో అమ్మవలెను.

లేసును, గుడ్డను కుట్టుటకు ముందే విడివిడిగా ఉతికి ఆరబెట్టవలెను. లేనిచో కొన్నవారింట తొలి ఉతుకులోనే ఒకటి కుదించుకొని అంచు ముడుచుకొనును. ఆ కొనుగోలుదారు మరల రారు. మూలల వద్ద లేసును లాగరాదు, కొంత వదులు విడువవలెను. దారపు కొసలను కత్తిరించి వదలక, సూదితో అల్లిక వెనుక దాచవలెను.

పిమ్మట పలుచని గంజిలో ముంచి, దుప్పటి పరచిన బల్లపై ప్రతి మొనను తుప్పుపట్టని గుండుసూదులతో బిగించి నీడన ఆరనివ్వవలెను. ఇస్త్రీ వెనుకవైపునే చేయవలెను; ముందువైపు నొక్కిన పువ్వులు అణగిపోవును. మన గోదావరి తేమలో గంజిగుడ్డ త్వరగా బూజుపట్టును గనుక సంతకు ఒకటి రెండు రోజుల ముందే గంజి పెట్టుట మేలు.