హార్లెం బడి అడిగిన అయిదు ప్రశ్నలు

కంఠస్థం చేసినదాన్ని కాగితం మీద ఒలకబోయడమే పరీక్ష అనుకునే తరగతుల్లో నేనూ పాఠాలు చెబుతున్నాను. అందుకే న్యూయార్క్ నగరంలోని తూర్పు హార్లెంలో 1985లో డెబొరా మైయర్ నెలకొల్పిన చిన్న ప్రభుత్వ ఉన్నత పాఠశాల చరిత్ర నన్ను నిలదీస్తుంది.

సెంట్రల్ పార్క్ ఈస్ట్ సెకండరీ స్కూల్ దాని పేరు. అక్కడి పిల్లల్లో అత్యధికులు నల్లజాతి, లాటినో పేద కుటుంబాలవారు. ఏ పాఠమైనా అయిదు ప్రశ్నలకు నిలవాలి: దీనికి సాక్ష్యమేమిటి? ఇది ఎవరి దృక్పథం? దేనితో సంబంధం? మరోలా జరిగివుంటే? దీనివల్ల ఎవరికేమిటి? పట్టా కావాలంటే విద్యార్థి 14 అంశాల్లో తన పనిని కూర్చి, వాటిలో 7 అంశాలను ఒక కమిటీ ముందు సమర్థించుకోవాలి.

ధనికుల పిల్లలు డబ్బిచ్చి కొనుక్కునే చదువును పేదలకు ప్రభుత్వ ఖర్చుతోనే ఇవ్వవచ్చునని ఈ బడి రుజువు చేసింది. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో నిర్ణయించే అధికారం ఉపాధ్యాయుల చేతిలో ఉండటమే దీనికి మూలం. 1990ల మధ్యలో మైయర్ వెళ్లిపోయాక ఆ పద్ధతి క్రమంగా సడలిపోయింది. బడి మామూలు ఉన్నత పాఠశాల అయింది.

దీన్ని ఒక వ్యక్తి మహిమగా చెప్పుకోవడం పొరపాటు. ఒక్క బడి గెలుచుకున్న హక్కు వ్యవస్థ మొత్తానికీ హక్కు కాకపోతే నిలవదు. “నీకెలా తెలుసు?” అని అడిగే హక్కు విద్యార్థికీ, పాఠాన్ని నిర్ణయించే హక్కు ఉపాధ్యాయుడికీ కలిసే రావాలి.