ఆ సంవత్సరం పేరు క్రోధి



కొత్త క్యాలెండరు గోడకు తగిలించి, ఇది ఫలానా సంవత్సరం అంటాము. అది ఎవరి లెక్క? క్రీస్తు జననము నుండి ఏండ్లు లెక్కించడం 525లో రోములో డయొనీషియస్ అనే సన్యాసి మొదలుపెట్టాడు. అందులోనూ కొన్నేండ్లు తేడా ఉందని పండితులంటారు.

నేడు ఒక్క సంవత్సరమును చూద్దాం. క్రీ.శ. 1244, ఆగస్టు నెల. యూదులకు అది సృష్టి మొదలు 5004. గ్రీకు సంఘమూ సృష్టి నుండే లెక్కించింది గాని, వారికి 6752. ముస్లింలకు హిజ్రీ 642. ఐగుప్తు క్రైస్తవులకు హతసాక్షుల శకం 960. సంఘమును హింసించిన డయొక్లీషియన్ చక్రవర్తి ఏలుబడి మొదలైన 284 నుండి వారు లెక్కించేవారు. మన తెలుగు దేశములో శక సంవత్సరం 1166, క్రోధి నామ సంవత్సరం.

ఆ ఆగస్టులోనే యెరూషలేము ఖ్వారజ్మీ సేనల వశమైంది. మంగోలుల దాడికి దేశం పోగొట్టుకుని తిరుగుతున్నవారే ఆ సైనికులు. దెబ్బ తిన్నవారే దెబ్బ కొట్టారు. ప్రాణాలకు హామీ పొంది పట్టణం విడిచిన క్రైస్తవులలో అనేకులు యొప్పే చేరకుండానే హతులయ్యారు.

అదే క్రోధి సంవత్సరములో కాకతి గణపతిదేవుడు మన సముద్రతీరమందలి మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాగుకొనేవారు. తాను న్యాయమైన సుంకం తప్ప మరేమీ ముట్టనని ఆ రాజు రాతిమీద మాట ఇచ్చాడు. సంవత్సరం పేరు క్రోధి, అందులో చెక్కిన మాట దయ!

ప్రియులారా, అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయం జ్ఞాపకం చేసుకోండి. ఓడ బద్దలై, తడిసి వణుకుతూ ఒడ్డెక్కిన 276 మందికి మెలితే ద్వీపవాసులు నిప్పు రాజేశారు. పౌలు ఎవరో వారెరుగరు. వారు ఏ లెక్కన సంవత్సరాలు లెక్కించారో లూకా వ్రాయలేదు. వారు చూపిన దయ వ్రాశాడు.

సంవత్సరానికి అంకె వేసేది మనిషి. ఆ సంవత్సరములో మనమేమి చేశామో చూచేది దేవుడు. ఈ ఏడు మీ గడపకు కొట్టుకొచ్చినవారెవరు? అప్పులపాలైన తమ్ముడా? భర్త పోయిన పొరుగింటి చెల్లెలా? వారి దగ్గర మిగిలినది లాగుకున్నారా, అభయమిచ్చారా? ఇచ్చిన మాట నిలుపుకున్నారా?

మన దినములు ఆయన చేతిలో ఉన్నవి. వాటిని దయతో నింపుకొనే కృప ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.