ఇరుసుకు కందెన, ఇంజనుకు 40 నంబరు

మా నాగర్‌కర్నూల్ దిక్కు చెల్కల్లో ఆముదం లేని ఇల్లు ఉండేది కాదు. తలకు అదే, దీపానికి అదే, బండి ఇరుసుకూ అదే. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపితే కందెన. తర్వాతి రోజుల్లో పక్కనున్న పాలెం పరిశోధన స్థానం క్రాంతి లాంటి ఆముదం రకాలూ ఇచ్చింది. ఈ గింజ ఇంగ్లీషు పేరు క్యాస్టర్ మీదే ఇంగ్లండులో ఇంజనాయిలు ఒకటి పుట్టిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వేక్‌ఫీల్డ్ కంపెనీ మోటారు నూనెలో ఆముదం కలిపి, 1909లో దానికి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. బాగా వేడెక్కినా ఆముదం ఇనుమును వదలదు. కాకపోతే కాలేకొద్దీ జిగురు కడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆముదం వాడిన విమానాల ఇంజన్లను మాటిమాటికీ విప్పి తుడిచేవారు గనక సరిపోయింది. రోజూ బావి తోడే ఇంజనుకు ఆ భోగం ఎక్కడిది?

మోట పోయి మా బావి మీదికి 5 హార్స్‌పవర్ డీజిలింజను వచ్చింది. 250 గంటలకోసారి ఆయిలు మార్చమన్నారు. నాయినకు గంటలేమిటి? పంటకోసారి చాలన్నాడు. రోజుకు 5 గంటలు నడిస్తే 250 గంటలు 50 రోజుల్లో అయిపోతాయి. యాసంగి పల్లికేమో దాదాపు నాలుగు నెలలు! మూడో ఏడు క్రాంకు బేరింగు అరిగి, అడుగున టకటక మొదలైంది.

మా మేనమామ వనపర్తి రాజావారి ప్యాలెస్‌లోని పాలిటెక్నిక్‌లో చదివాడు. ఆయిలు నల్లబడిందని నాయిన దుకాణాదారును తిడుతుంటే నవ్వాడు. "మసిని పట్టి తనలో ఉంచుకుంటున్నది బావా. నల్లబడకుంటే ఆ మసంతా ఇంజనులోనే ఉన్నట్టు." రంగు చూసి కాదు, రోజులు లెక్కబెట్టి మార్చమన్నాడు. బావి గోడ మీద రోజుకో బొగ్గుగీత గీయించాడు. 50 గీతలు నిండిన పొద్దున, ఇంజను వేడిమీదుండగానే అడుగు బోల్టు విప్పాలి, చల్లారితే మడ్డి అడుగునే ఉండిపోతుంది. ఎండాకాలం 40 నంబరు ఆయిలు, చలికి 30.

గద్వాల దగ్గర కృష్ణ ఒడ్డున ఇంజను పెట్టిన చిన్నాయిన 40 గీతలకే ఆయిలు దించేవాడు. ఆ ఇసుకగాలికి ఎయిర్‌క్లీనర్‌లో పోసిన ఆయిలు వారానికే బురదయ్యేది.

దించిన నల్లాయిలును అమ్మ పారబోయనిచ్చేది కాదు. సగం దూలాలకు, చెదలు పట్టకుండా. మిగతాది కందెన బుడ్డిలోకి. ఆ ఏటి నుంచి ఇరుసుకు ఆముదం పెట్టడం మానేశాం. గింజలన్నీ అంగడికి పోయాయి.