గేటు దగ్గర టీకా చీటీ

టీకాకు తొలి సాక్ష్యం చేతి మీది మచ్చ. 1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ గోమశూచి రసంతో టీకా వేశాడు. ఆరేళ్లకే, 1802 జూన్ 14న, బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పాపకు అదే టీకా పడింది. మన దేశంలో మశూచి టీకా చరిత్ర అక్కడ మొదలైంది. టీకా వేసిన చోట పొక్కు లేచి, చెక్కు కట్టి, అది రాలిపోయాక మచ్చ మిగిలేది. యాభై దాటిన చాలామంది తెలుగువాళ్ల చేతుల మీద ఇప్పటికీ దాన్ని చూడవచ్చు. చదువు రానివాళ్లు కూడా చూడగానే పోల్చుకోగల గుర్తు అది. ఎక్కడో మరిచిపోవడం ఉండదు, ఇంకొకరికి అరువివ్వడం కుదరదు. 1901 నుంచి 1903 దాకా అమెరికాలో మశూచి చెలరేగినప్పుడు పనిలోకి, బడిలోకి వచ్చేవాళ్లను చొక్కా చెయ్యి పైకి మడిచి మచ్చ చూపమన్నారు. టీకా ఇష్టం లేని కొందరు యాసిడ్‌తో కాల్చుకుని దొంగమచ్చలు తెచ్చుకున్నారు.

మచ్చ మీద తేదీ ఉండదు, వేసినవాళ్ల పేరూ ఉండదు. సర్కారుకు ఆ రెండూ కావాలి. ఇంగ్లండు 1853లో పసిపిల్లలకు మశూచి టీకా తప్పనిసరి చేస్తూ, వేసినట్టు ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి పెట్టింది. మన దేశంలో 1880 నాటి టీకా చట్టం అదే దారి పట్టింది గానీ, ఒప్పుకున్న పురపాలక సంఘాలు దాటి పెద్దగా అమలు కాలేదు.

టీకా చీటీ మనుషుల కదలికను శాసించడం మన దేశంలో ప్లేగు కాలంలో మొదలైంది. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టింది. రష్యా సామ్రాజ్యంలో పుట్టిన యూదు శాస్త్రవేత్త వాల్డెమర్ హాఫ్కిన్ ఆ ఊళ్లోనే కూర్చుని టీకా తయారుచేసి, 1897 జనవరి 10న మొదట తనకే వేసుకున్నాడు. మరుసటి నెలలో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. ఇళ్ల సోదాలు, రైళ్లలో తనిఖీలు, అనుమానితుల్ని తీసుకుపోయి శిబిరాల్లో ఉంచడాలు మామూలయ్యాయి. టీకా వేయించుకున్నవాళ్లకు మాత్రం సర్టిఫికెట్ ఇచ్చి, ఆ నిర్బంధాల నుంచి మినహాయించారు. పైకి ఇది వెసులుబాటులాగే కనిపిస్తుంది. కానీ చీటీ లేనివాడికి శిబిరం తప్పనప్పుడు, చీటీ ఉన్నవాడి సమ్మతిలో ఇష్టమెంత, భయమెంత? 1902లో పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో ఒక సీసా కలుషితమై, టీకా వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. తప్పు హాఫ్కిన్ ప్రయోగశాలది కాదని తేలడానికి ఏళ్లు పట్టింది. టీకా మీద జనానికి కలిగిన బెదురు తీరడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది.

తీర్థాల దగ్గర భయం కలరాది. తెలంగాణ పల్లెల్లో దాని పేరు గత్తర, అది వచ్చిందంటే ఊళ్లు ఖాళీ అయ్యేవి. లక్షల మంది ఒకే నీటిలో మునిగి, అదే నీరు తాగే చోట ఆ వ్యాధి ఎంత వేగంగా పాకుతుందో అధికారులు 19వ శతాబ్దమంతా చూశారు. 20వ శతాబ్దం తొలి సగంలో పండరిపురం యాత్రకు, కుంభమేళాలకు కలరా ఇంజెక్షన్ తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులు వచ్చాయి. యాత్రికుడు చేతిలో చీటీ పట్టుకుని దేవుడి దగ్గరికి వెళ్లాల్సిన రోజులవి. ఆంధ్ర ప్రాంతానికీ వర్తించిన 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టంలో జాతరలు, ఉత్సవాల కోసం ఒక అధ్యాయమే ఉంది. జనం గుమిగూడే చోటును ఆరోగ్య శాఖ ప్రత్యేకంగా చూడాలన్న ఆలోచన అప్పటికే చట్టంలోకి ఎక్కిందన్నమాట.

దేశాల మధ్య టీకా పత్రం అడిగే పద్ధతికి విమానాలు కారణం. ఓడలో నెలరోజులు పట్టే ప్రయాణం రోజులకు, తర్వాత గంటలకు తగ్గేసరికి, రోగం బయటపడేలోగా మనిషి ఇంకో ఖండంలో దిగుతున్నాడు. 1933లో హేగ్‌లో విమానయానానికి ప్రత్యేకంగా ఆరోగ్య ఒడంబడిక కుదిరింది. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనలు వచ్చాక టీకాలు నమోదు చేసే పసుపుపచ్చ పుస్తకం ప్రపంచమంతటా చెలామణి అయింది. 1980లో మశూచి అంతమైందని ప్రకటించడంతో అందులోని మశూచి పేజీకి పని లేకుండా పోయింది. పసుపు జ్వరం పేజీ మాత్రం ఉండిపోయింది. మన దేశంలో ఆ జ్వరం లేదు, దాన్ని మోసే దోమ మాత్రం పుష్కలంగా ఉంది. అందుకే ఆ జ్వరం ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల నుంచి వచ్చేవాళ్ల దగ్గర మన అధికారులు ఈనాటికీ ఆ పసుపు కార్డు అడుగుతారు. పదేళ్లే చెల్లే ఆ టీకా పత్రం 2016 జూలై 11 నుంచి జీవితాంతం చెల్లుతోంది. డాక్టరు సంతకం, కేంద్రం ముద్ర, సిరాతో రాసిన బ్యాచ్ నంబరు: దాని బలమంతా ఇంతే.

ఒక సమావేశానికి టీకా పత్రం షరతుగా పెట్టి, ఏళ్ల తరబడి నిలకడగా నడిపిన ఉదాహరణ కావాలంటే హజ్‌ను చూడాలి. 1987 హజ్‌లో మెదడు పొరల వాపు అయిన మెనింజైటిస్ ఏ రకం వ్యాపించింది. యాత్రికులు దాన్ని తమ తమ దేశాలకు మోసుకెళ్లారు. ఆ తర్వాత సౌదీ అరేబియా ఆ టీకాను తప్పనిసరి చేసింది. 2000, 2001 సంవత్సరాల్లో డబ్ల్యూ135 అనే మరో రకం విరుచుకుపడితే, నాలుగు రకాలకూ పనిచేసే టీకా కావాలని 2002 నుంచి షరతు మార్చింది. హైదరాబాద్ నాంపల్లి హజ్ హౌస్‌లో యాత్రికులకు టీకా శిబిరాలు నడిచేది అందుకే. ఈ షరతు మీద పెద్దగా గొడవ జరగలేదు. కారణాలు సులువుగానే కనిపిస్తాయి. ప్రమాదం కళ్లముందు జరిగింది, షరతు అందరికీ ఒకటే, టీకా ఏదో నెలల ముందే తెలుస్తుంది, వేసి చీటీ ఇచ్చే బాధ్యత యాత్రికుణ్ణి పంపే వ్యవస్థే తీసుకుంటుంది. తర్వాత వచ్చిన కోవిడ్ పాస్‌లలో ఈ నాలుగూ ఒకచోట కుదిరిన సందర్భాలు తక్కువ.

2021లో కథ ఫోన్లలోకి మారింది. ఫిబ్రవరి 21న ఇజ్రాయెల్ గ్రీన్ పాస్ మొదలుపెట్టింది. వ్యాయామశాలలు, హోటళ్లు, నాటకశాలలు టీకా వేయించుకున్నవాళ్ల కోసం తలుపులు తెరిచాయి. మూడు రోజులకే టెల్ అవీవ్‌లోని యార్కాన్ పార్కులో గాయని నూరిత్ గల్రోన్ కచేరీకి జనం పాస్ చూపించి వెళ్లారు. ఏడాదిపాటు పాట వినని ఊరికి అది పండగ. అయితే ఆ తొలి పాస్‌ను నకలు చేయడం తేలికని విమర్శలు వెంటనే వచ్చాయి. ఫోన్ తెర మీద కనిపించే బొమ్మ చూసి నమ్మడం కాగితం మీది ముద్ర చూసి నమ్మడం కంటే గొప్పేమీ కాదు.

అసలు మార్పు తెచ్చింది డిజిటల్ సంతకం. యూరోపియన్ యూనియన్ 2021 జూలై 1న అమల్లోకి తెచ్చిన కోవిడ్ సర్టిఫికెట్ దానికి మంచి నమూనా. పత్రం ఇచ్చే సంస్థ దగ్గర ఒక రహస్య తాళంచెవి ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ, టీకా వివరాలు కలిపి ఆ చెవితో సంతకం చేసి క్యూఆర్ కోడ్‌గా మారుస్తారు. ఆ రహస్య చెవికి జతగా ఉండే బహిరంగ చెవి తనిఖీ చేసేవాళ్ల ఫోన్లో ఉంటుంది. ఒక్క అక్షరం మార్చినా సంతకం సరిపోదు. తనిఖీ సమయానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, గేటు దగ్గర స్కాన్ చేసిన సంగతి ఏ కేంద్ర సర్వరుకూ చేరదు. ఇందులో గమనించాల్సిన ముక్క ఇంకొకటుంది: ఈ కోడ్ ఫోన్లో ఎంత చెల్లుతుందో, మామూలు కాగితం మీద ముద్రించినా అంతే చెల్లుతుంది. యూరప్ చట్టమే రెండు రూపాల్లోనూ, ఉచితంగా ఇవ్వాలని చెప్పింది. కాగితమా, డిజిటలా అని ఆ ఏడాది తెగ వాదించుకున్నారు గానీ, ముసలివాళ్లను, ఫోన్ లేనివాళ్లను వదిలేయకుండా మోసాన్ని అరికట్టగలిగింది సంతకమున్న ఆ కాగితమే.

ఫ్రాన్స్ ఈ పత్రాన్ని చాలా గట్టిగా వాడింది. 2021 జూన్‌లో వెయ్యి మందికి పైగా చేరే కార్యక్రమాలకు, జూలై 21 నుంచి సినిమాహాళ్లకు, మ్యూజియంలకు, ఆగస్టు 9 నుంచి కాఫీ హోటళ్లకు, దూరప్రయాణపు రైళ్లకు పాస్ కావాలంది. అధ్యక్షుడు మాక్రాన్ జూలై 12న ఈ సంగతి ప్రకటించగానే టీకా కోసం లక్షల మంది పేర్లు నమోదు చేసుకున్నారు. వీధుల్లో నిరసనలూ వారం వారం సాగాయి. న్యూయార్క్ నగరం ఆగస్టు 17న హోటళ్లు, జిమ్‌లు, నాటకశాలలకు ఇదే నియమం పెట్టింది, కానీ కాగితపు కార్డునూ, దాని ఫొటోనూ, యాప్‌లనూ అన్నింటినీ ఒప్పుకుంది. అమెరికా కార్డు చేత్తో నింపిన తెల్ల అట్టముక్క, పర్సులో పట్టదు. ఖాళీ కార్డులు ఆన్‌లైన్‌లో అమ్ముడుపోతుంటే, అవి కొనడం నేరమని ఎఫ్‌బీఐ హెచ్చరించాల్సి వచ్చింది. ఫ్లోరిడా రాష్ట్రం ఎదురుదారి పట్టి, వినియోగదారుల దగ్గర టీకా రుజువు అడిగే వ్యాపారాలకే జరిమానా పెట్టింది.

మన దేశంలో 2021 జనవరి 16న మొదలైన టీకా నమోదు పోర్టల్ కోవిన్, సర్టిఫికెట్ విషయంలో నిజంగా మంచి పని చేసింది. సంతకం చేసిన క్యూఆర్ కోడ్‌ను కోట్ల మందికి పైసా ఖర్చు లేకుండా ఇచ్చింది. అక్టోబరు 21 నాటికి వంద కోట్ల డోసులు దాటాయి. ఇబ్బంది పత్రం దగ్గర లేదు, అది అందే దారిలో ఉంది. మే నుంచి 18–44 ఏళ్లవాళ్లకు ఆన్‌లైన్ నమోదు తప్పనిసరి చేశారు. అప్పటికి పోర్టల్‌లో తెలుగు లేదు, జూన్‌లో వచ్చింది. ఫోన్, నెట్ లేనివాళ్ల సంగతేమిటని మే 31 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు నిలదీసింది. జనం మాత్రం తమ దారి తాము వెతుక్కున్నారు. నెట్ సెంటరులో ప్రింటు తీయించి, ల్యామినేషన్ చేయించి, ఆధార్ పక్కన దాచుకున్నారు. ముంబై లోకల్ రైళ్లు ఆగస్టు 15న రెండు డోసులవాళ్లకు తెరుచుకున్నప్పుడు, స్టేషన్లలో మునిసిపల్ సిబ్బంది సర్టిఫికెట్ సరిచూసి, కాగితం మీద ముద్ర కొట్టి పంపారు. సెప్టెంబరు చివర్లో తిరుమల దర్శనానికి టీకా సర్టిఫికెట్ గానీ, మూడు రోజుల లోపు నెగెటివ్ రిపోర్టు గానీ అడగడం మొదలైంది. టీకా ఇంకా అందనివాడికి ఇంకో దారి ఉంచిన ఆ నియమం న్యాయంగా ఉంది.

మోసం సంతకం వెనక్కి జరిగింది. కోడ్‌ను మార్చలేనివాళ్లు అందులోకి వెళ్లే సమాచారాన్ని మార్చారు. 2021 మే చివర ముంబై కాందివలిలో ఒక హౌసింగ్ సొసైటీలో దొంగ టీకా శిబిరం జరిగింది. ఒక్కొక్కరికి ఒక్కో ఆసుపత్రి పేరుతో సర్టిఫికెట్లు రావడంతో గుట్టు బయటపడింది. జూన్‌లో కోల్‌కతాలో టీకా వేయించుకున్న ఒక ఎంపీ, తన ఫోన్‌కు సందేశం రాలేదేమని అడగబట్టి అలాంటిదే ఇంకో మోసం దొరికింది. ఏడాది చివర బిహార్‌లోని అర్వల్ జిల్లాలో టీకా జాబితాలోకి ప్రధాని పేరు, సినీతారల పేర్లు ఎక్కాయి. అక్టోబరులో యూరప్‌లో అడాల్ఫ్ హిట్లర్ పేరిట సరైన సంతకంతోనే క్యూఆర్ కోడ్ తిరిగింది. అన్నిచోట్లా యంత్రం తన పని సక్రమంగానే చేసింది. మనిషి ఎక్కించిన అబద్ధాన్ని అది పట్టుకోలేదు. కోల్‌కతాలో మోసాన్ని బయటపెట్టిందీ డిజిటల్ వ్యవస్థేనన్న సంగతి కూడా చెప్పాలి: కాగితపు చీటీ కాలమైతే, రాని సందేశం గురించి అడిగేవాళ్లే ఉండరు.

తెలుగువాళ్లకు ఈ చరిత్రలో బాగా తగిలిన దెబ్బ వేరే. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు 2021 నవంబరు 3 దాకా రాలేదు. అప్పటిదాకా ఆ టీకా వేయించుకుని అమెరికా చదువులకు బయల్దేరిన పిల్లలను, అక్కడికి వచ్చాక మళ్లీ వేరే టీకా వేయించుకోమని చాలా విశ్వవిద్యాలయాలు అడిగాయి. మన దేశంలో వేసిన మరో టీకా కోవిషీల్డ్‌కూ తిప్పలు తప్పలేదు. సెప్టెంబరులో బ్రిటన్ ఆ టీకాను ఒప్పుకుంటూనే మన సర్టిఫికెట్‌ను ఒప్పుకోలేదు. పూర్తి పుట్టిన తేదీ లేదన్నది ఒక అభ్యంతరం. కోవిన్ ఆ తేదీ చేర్చింది. అక్టోబరు 4 నుంచి బ్రిటన్ ప్రయాణికులకు మన ప్రభుత్వమూ పది రోజుల క్వారంటైన్ విధించింది. వారం తిరిగేసరికి అక్టోబరు 11న బ్రిటన్ దారికొచ్చింది. అదే ఏడాది వేసవిలో న్యూయార్క్‌లో గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ప్రదర్శనకు ఆస్ట్రాజెనెకా వేయించుకున్నవాళ్లను రానివ్వబోమన్నారు, కెనడా ప్రేక్షకులు గోల చేశాక మార్చుకున్నారు. శరీరంలో టీకా ఉంది, జేబులో పత్రం ఉంది, పత్రం అసలుదే. అయినా ఎవరి జాబితాలో ఏ మందు పేరుందన్న దాన్ని బట్టి మనిషి బయట ఉండిపోయాడు. కాగితమైనా డిజిటలైనా ఈ అన్యాయం ఒకటే, దాన్ని తీర్చగలిగింది దేశాల మధ్య మాటలే.

ఒమిక్రాన్ వచ్చాక పాస్‌ల పునాదే కదిలింది. టీకా వేయించుకున్నవాళ్ల నుంచి కూడా వ్యాధి విరివిగా అంటుతుంటే, పాస్ ఉన్న హాలు క్షేమమన్న మాట నిలవలేదు. ఇంగ్లండు 2021 డిసెంబరు 15న నైట్‌క్లబ్బులకు, పెద్ద సభలకు పాస్ పెట్టి, 2022 జనవరి 27న తీసేసింది. న్యూయార్క్ మార్చి 7న, ఫ్రాన్స్ మార్చి 14న వదిలేశాయి. 2022 మే 2న జాకబ్ పులియేల్ కేసులో మన సుప్రీంకోర్టు టీకా కోసం ఎవరినీ బలవంతపెట్టరాదని చెప్పింది. టీకా వేయించుకోనివాళ్ల మీద అప్పటి పరిస్థితుల్లో ఆంక్షలు తగిన మోతాదులో లేవని, వాటిని వెనక్కి తీసుకోవాలని సూచించింది. చీటీ ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య గీత గీసే అధికారాన్ని కోర్టు ఇక్కడ ఒక ప్రశ్న అడిగింది: ఆ గీతకు ఈరోజు ఆధారమేమిటి?

యూరప్ చట్టం గడువు 2023 జూన్ 30తో ముగిసింది. ఆ మర్నాడే దాని సాంకేతికతను ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసుకుని, దేశాలు ఒకదాని సంతకాన్ని ఒకటి సరిచూసుకునే వలయంగా నడపడం మొదలుపెట్టింది. అమెరికా తెల్ల కార్డుల ముద్రణ ఆ శరదృతువులో ఆగింది. 2024 జూన్ 1న ప్రపంచ ఆరోగ్య సభ అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలను సవరించింది. వాటిని తిరస్కరించిన అమెరికా వంటి కొద్ది దేశాలు పోగా, మిగతా చోట్ల అవి 2025 సెప్టెంబరు 19న అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ప్రయాణికుల ఆరోగ్య పత్రాలు డిజిటల్‌గానైనా, మామూలు కాగితం మీదైనా ఇవ్వవచ్చు. రూపం ఏదైనా సరే, అది అసలుదని నిర్ధారించుకునే వీలు మాత్రం ఉండి తీరాలి.