పరిగెత్తే మనిషికి ఛాతీ ఎలా వచ్చింది?

ఇవాళ్టి కథ ఒక కుర్రాడిది. అతను చనిపోయి సుమారు 15 లక్షల ఏళ్ళు. 1984లో కెన్యాలో, తుర్కానా సరస్సుకి పడమర వైపు, కమోయా కిమేయు కంట ఒక చిన్న పుర్రె ముక్క పడింది. రిచర్డ్ లీకీ బృందంలో ఎముకలు కనిపెట్టడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. తవ్వుతూ పోతే దాదాపు మొత్తం అస్థిపంజరం దొరికింది. హోమో ఎరెక్టస్ కుర్రాడు. జ్ఞానదంతాలు కూడా రాలేదు, ఎత్తు మాత్రం సుమారు 160 సెంటీమీటర్లు!

నన్ను పట్టుకున్నవి అతని పక్కటెముకలు. సన్నగా ఉంటాయి కదా, మట్టిలో ఇట్టే విరిగిపోతాయి. అందుకే అంత పాత ఛాతీ దొరకడం చాలా అరుదు.

అంతకుముందు 1974లో ఇథియోపియాలో దొరికిన లూసీ 32 లక్షల ఏళ్ళ నాటిది. ఆమె ఛాతీ తిరగేసిన గరాటులా, పైన ఇరుకు, కింద వెడల్పు అని చెప్పారు. మనది పీపాలా ఉంటుంది. పొడుగు కాళ్ళ ఈ కుర్రాడు దొరకగానే, ఇదిగో మనలాంటి ఒళ్ళు, దూరాలు పరిగెత్తే ఒళ్ళు అన్నారు.

ఛాతీకీ పరుగుకీ సంబంధం ఏంటంటారా? కుక్క దూకుతూ పరిగెత్తేటప్పుడు చూడండి. ముందుకాళ్ళు నేలని తాకిన ప్రతిసారీ బరువు ఛాతీ మీద పడుతుంది. అందుకే ఒక దూకుకి ఒకటే శ్వాస. ఆ వేగంలో నాలుక బయటపెట్టి రొప్పడం కుదరదు, ఒళ్ళు వేడెక్కిపోతుంది. మన చేతులు నేల మీద లేవు, ఛాతీకి ఆ దెబ్బ లేదు. నాలుగడుగులకో శ్వాస తీసుకోవచ్చు, ఆయాసం వస్తే మూడుకో రెండుకో మార్చుకోవచ్చు. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి 1600 మీటర్లు ప్రాక్టీస్ చేసేవాళ్ళు రేపు లెక్కపెట్టి చూడండి. ఈ తేడాని డెన్నిస్ బ్రాంబుల్, డేవిడ్ క్యారియర్ 1983లోనే రాశారు. 2004లో బ్రాంబుల్, డేనియల్ లీబర్మన్ ఇంకో అడుగు ముందుకేసి, దూరపు పరుగే మన ఒంటిని మలిచిన వాటిలో ఒకటి అన్నారు. అందరూ ఒప్పుకోలేదనుకోండి.

అసలు మలుపు 2020లో. మార్కస్ బాస్టిర్ బృందం ఆ కుర్రాడి పక్కటెముకల్ని కంప్యూటర్‌లో త్రీడీలో పేర్చింది. వచ్చిన ఛాతీ మనలా పొడుగ్గా, బల్లపరుపుగా లేదు. పొట్టిగా, వెడల్పుగా, లోతుగా, నియాండర్తల్‌కి దగ్గరగా ఉంది! అంటే మన సన్నటి ఛాతీ చాలా ఆలస్యంగా వచ్చింది.

మరి అతను పరిగెత్తలేదా? నేనైతే అలా అనను. ఆ కాళ్ళు అబద్ధం చెప్పవు. కాకపోతే మారథాన్ ఆటగాడిలా ఊహించుకున్న సన్నటి బొమ్మని మాత్రం పక్కన పెట్టాలి. అంత వెడల్పు ఒంటిని మోస్తూ ఎండలో గంటల తరబడి పరిగెత్తడం మనకంటే ఖర్చైన పనే. చల్లబరచడానికి చెమట ఒక్కటే ఆధారం. ఆ చెమట కథ వచ్చే ఎపిసోడ్‌లో.